చల్లారిన దోసె మీద ఆడవాళ్ల తీర్పు

మొన్న ముదగల్ నుంచి బస్సెక్కి రాయచూరులో మా తమ్ముడింటికి వెళ్తే, అక్కడ నాకు అట్టపెట్టెలో దోసె దర్శనమిచ్చింది. పోసిందెవరో తెలియదు. తెచ్చినతను హెల్మెట్ కూడా తీయకుండా పెట్టె చేతిలో పెట్టి మాయమైపోయాడు. మూత తీసి చూస్తే ఆ దోసె ఒళ్లంతా చెమట పట్టి, మొదటి ఇంటర్వ్యూకి వచ్చిన నిరుద్యోగిలా ముడుచుకుని ఓ మూల కూర్చుని ఉంది. మా మేనకోడలు తినకముందే దానికి ఫొటో తీసింది, రెండో ముద్ద మింగకముందే ఫోనులో హోటలుకి మార్కులుగా చుక్కలు వేసేసింది. "ఒక్క చుక్క తగ్గించిన అత్తా, చట్నీ కారింది" అంది, హైకోర్టు జడ్జి శిక్ష తగ్గించినంత దయగా. "మరి దోసె?" అన్నాను. "దోసెకేమైంది? మంచిగనే ఉన్నది గదా!" అంది. నేను ఆ దోసె అంచు రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తాను. పెళ్లిలో ఏడ్చి ఏడ్చి తడిసిన చేతిరుమాలులా వేలాడింది. అంతే, నాకు నవ్వు ఆగలేదు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని తమ్ముడు నా వీపు మీద బాదాడు, మరదలు నీళ్లు తెచ్చింది. నా గొంతులో అడ్డం పడింది దోసె కాదు, మా అమ్మ. మొత్తం రాయచూరు ఇప్పుడు మా అమ్మలాగే దోసె తింటోంది, ఆ సంగతి రాయచూరుకి తెలియదు.

ఇది అర్థం కావాలంటే రాయచూరులోని మా పాతింటికి రావాలి. కోటగోడకి అది ఎంత దగ్గరంటే, గోడమీది కోతులు మా మిద్దెమీద ఎండే వడియాలకి తామే యజమానులమనీ, మేము కాపలాకి పెట్టుకున్న కూలీలమనీ అనుకునేవి. నాయన ధాన్యం గంజ్‌లో కమీషన్ దుకాణంలో గుమాస్తా. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు; తలుపు కొట్టినా, తలుపుకి నొప్పి పుడుతుందేమోనన్నట్టు కొట్టేవాడు. ఆ ఇంటికి ప్రధానమంత్రి, ఆర్థికమంత్రి, అప్పుడప్పుడు శత్రుదేశం కూడా మా అవ్వే, అంటే నాయనను కన్నతల్లి. అవ్వ పుట్టి బుద్ధెరిగాక హోటలు గడప తొక్కలేదు. కానీ రాయచూరు హోటళ్ల గుట్టు ఆమెకి తెలిసినంతగా వాటి యజమానులకి కూడా తెలియదు. పొద్దుగూకి నాయన ఇంటికి రాగానే ఆయన భుజంమీది తువ్వాల లాక్కుని వాసన చూసేది.

"బస్టాండు కాడ తిన్నవ్. నూనె మార్చిండు వాడు."

"తినలేదమ్మా, చాయే తాగిన."

"చాయకు పోపు పెడ్తరారా?"

నాయన కాళ్లు కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్లి, పాదాల మీది చర్మం పలచబడేదాకా కడుక్కునేవాడు.

అవ్వ రాజ్యాంగంలో ఒక్కటే పెద్ద నియమం. ఇంటి ఆడవాళ్లు హోటల్లో కూర్చుని తినకూడదు. హోటలు తిండి మీద ఆమెకి కోపం లేదు, కూర్చోవడం మీదే కోపం. "నలుగురు మొగోళ్ల ముందట దవడలాడిస్తదా సంసారి ఆడది? తినాలనిపిస్తే ఇంటికి తెప్పిచ్చుకో, గోడకు మొకం పెట్టి తిను, ఎవరొద్దన్నరు?" అనేది. అందువల్ల మా ఇంట్లో ఆడవాళ్లు కన్న హోటలు తిండి అంతా పార్సిల్ రూపంలోనే. అలాంటి ఇళ్లు మా వాడలో ఇంకా చాలా ఉండేవి. మిర్చీ బజ్జీలు, బొరుగుల ఒగ్గరణి, వడలు, దోసెలు అన్నీ మా వాడ ఆడవాళ్ల దగ్గరికి కాశీయాత్ర చేసి వచ్చిన ముసలివాళ్లలా అలసి సొలసి చేరేవి.

నాయన దోసె తెచ్చే వైభవం చెప్పాలి. ఆదివారం పొద్దున చేతిలో సాంబారుకి స్టీలు డబ్బా, సంచీ పట్టుకుని భీమసేనప్ప హోటలుకి బయల్దేరేవాడు. భీమసేనప్ప దోసె కింద అరిటాకు ముక్క పెట్టి, పైన కన్నడ పేపరు చుట్టి, దారంతో కట్టి ఇచ్చేవాడు. హోటలు నుంచి మా ఇంటికి, పరిగెత్తే కోడికైతే పట్టుమని పది నిమిషాల దూరం. నాయనకి మాత్రం అది ఓ పూట ప్రయాణం. పాన్‌డబ్బా దగ్గర ఆగి ఒకరి కొడుకు పరీక్ష గురించి, సైకిల్ దుకాణం దగ్గర ఆగి ఇంకొకరి మోకాలి నొప్పి గురించి, దర్జీ ఖాజా మియా మెషిన్ పక్కన స్టూలేసుకుని కూర్చుని, అతను "క్యా సాబ్, క్యా హాల్ హై" అని బాగోగులడిగితే దేశం మొత్తం హాల్ గురించి మాట్లాడేవాడు. ఆయన వంతు మర్యాదలన్నీ ముగిసేసరికి సంచీలో దోసె పూర్తిగా చల్లారి, తన ఆవిరిలో తానే స్నానం చేసి, పేపరులోని సిరా పీల్చుకుని మా గడప తొక్కేది. మా అమ్మ కన్నడ అక్షరాలు నేర్చుకున్నది ఆ దోసెల మీదే. తిరగబడిన అక్షరాలు కాబట్టి చాలాకాలం ఆమె కన్నడని కుడి నుంచి ఎడమకి రాస్తారనుకుంది.

ఇంట్లో దోసెలు పోసుకోలేదా అని మీరడుగుతారు, నాకు తెలుసు. పోసేవాళ్లం. పెనం అవ్వ కాపురానికి వచ్చినప్పటిది. దాని మీద పోసిన దోసె ఎటు తిప్పినా చిన్నపిల్లల పక్కగుడ్డ అంత మందాన వచ్చేది. పైగా పొయ్యి దగ్గర ఉండేది అమ్మ. మొదటిది నాయనకి, రెండోది తమ్ముడికి, మూడోది అవ్వ మడికట్టుకుని జపం ముగించాక తింటానంటే పక్కన పెట్టాలి, ఆ తర్వాత మా చిన్నాన్న, వచ్చిన చుట్టం, ఆ చుట్టంతో వచ్చిన చుట్టం. అందరి పళ్లేలూ ఎత్తి, పొయ్యి ఆర్పి, బూడిద తీసి అమ్మ కూర్చునేసరికి అడుగున మిగిలిన రెండు దోసెలు ఆమె కోసం ఎంతో ఓపిగ్గా చల్లారి ఉండేవి. ఇంటి దోసె, బయటి దోసె ఏదైనా సరే, అమ్మ నాలుక మీదికి వేడిగా రావడానికి దేనికీ ధైర్యం చాలలేదు.

ఈ వ్యవహారంలో నాకు మాత్రం రెండు దేశాల పౌరసత్వం ఉండేది. గౌన్లు తొడుక్కున్నంత కాలం నాయన వేలు పట్టుకుని భీమసేనప్ప హోటల్లో పాలరాయి బల్ల మీదికి గడ్డం ఆనించి వేడి దోసె తిన్నదాన్ని. లంగా ఓణీ వేసుకున్న రోజు నా పాస్‌పోర్టు రద్దయింది. ఆ మర్నాడే నన్ను పార్సిల్ పక్షంలోకి మార్చారు. వేడి నిజం, చల్లారిన నిజం రెండూ తెలిసిన మనిషిని మా ఇంట్లో నేనొక్కదాన్నే. రెండు వైపులా నన్నెవరూ నమ్మేవాళ్లు కాదు.

ఎందుకంటే హోటళ్ల మీద ఆడవాళ్ల తీర్పు వేరు, మగవాళ్ల తీర్పు వేరు. మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక మా అరుగు మీద వాడలో ఆడవాళ్లందరూ చేరేవాళ్లు. బియ్యం ఏరుతూ, తలలు చూసుకుంటూ హోటళ్లని ఒక్కొక్కదాన్నే పిలిచి విచారించేవాళ్లు. మగవాళ్లంతా ఊళ్లో మొదటి హోటలు భీమసేనప్పదేనంటే, మా అరుగు కోర్టు మాత్రం మొదటి స్థానం సందు చివర బండి పెట్టుకున్న శరణప్పకి ఇచ్చేసింది. శరణప్ప మిర్చీకి పిండి దిట్టంగా, అట్టముక్కలా పట్టేవాడు. అది రెండు రోజులకైనా చెక్కుచెదరదు. అతని ఒగ్గరణి, అదే తడిపి పోపు పెట్టిన బొరుగులు, పుట్టుకతోనే చల్లగా పుట్టేది కాబట్టి చల్లారేందుకు దానికి ఏమీ మిగిలేది కాదు. "శరణప్ప చెయ్యంటే చెయ్యే. పొద్దున తెచ్చింది పొద్దుగూకినా అట్లనే ఉంటది" అని అమ్మ మెచ్చుకునేది. భీమసేనప్ప దోసెకి వచ్చేసరికి అవ్వ నిలువునా తీర్పు చెప్పేది.

"దోసెనా అది! తోలు. చెప్పులు కుట్టిచ్చుకోవాలె దాంతోని."

"చెప్పులు గూడ గింత సాగయి, అత్తమ్మా" అని అమ్మ బలపరిచేది.

గిల్లేసూగూరు నుంచి నెయ్యి తెచ్చే నాగమ్మ ఈ తీర్పుని కుండతో పాటు నెత్తిన పెట్టుకుని వెళ్లి భీమసేనప్పకి చేరవేసింది. హోటలుకి కూడా ఆమె దగ్గరే నెయ్యి కొనేవారు మరి. భీమసేనప్ప నిండు మనిషి, నుదుట అడ్డంగా విభూతి, పొట్ట మీద తెల్లటి బనీను. ఆ మాట విన్నాక ఆయన పెనం ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాడని నాగమ్మే తిరిగొచ్చి చెప్పింది. పొగవల్లేనేమో, నేను పూచీ పడను. నాయన కనిపించగానే "ఒమ్మె కుంతు తిన్రీ, ఆమ్యాలె మాతాడ్రీ" అన్నాడట, ఒక్కసారి కూర్చుని తిని అప్పుడు మాట్లాడమనండి అని. నాయన ఆ కబురు ఇంట్లో చెప్పే ధైర్యం లేక నాకు చెప్పాడు. నేను అమ్మకి చెప్పాను. చెప్తూ చెప్తూ నోరు జారాను.

"అమ్మా, వేడి దోసె తుంచితే చప్పుడైతది."

అమ్మ చేతిలో చేట ఆగింది. "దోసె చప్పుడు జేస్తదా?"

"అవును."

"ఎట్ల?"

ఎట్లా అంటే ఎట్లా చెప్పను? ఎండుటాకు మీద పిల్లి నడిచినట్టు అన్నాను. కొత్త నోటు మడిచినట్టు అన్నాను. నాయనని అడిగితే ఆయన అటూ ఇటూ చూసి, అవ్వ దగ్గర్లో లేదని తేల్చుకుని, నోటితో "కర్ర్" అని చూపించాడు. అది దోసె చప్పుడులా లేదు, ఆయన పన్ను విరిగినట్టుంది. అమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమెకి అదొక పట్టుకున్న జబ్బైంది. గిన్నెలు తోముతూ, "చప్పుడంటే పెద్దగనా, మెల్లగనా?" అనేది. జడ వేస్తూ, "మొదటి ముక్కకేనా, అన్ని ముక్కలకా?" అనేది. ఆదివారం పార్సిల్ విప్పాక దోసెని చెవి దగ్గర పెట్టుకుని తుంచి చూసేది. అది జవాబు చెప్పేది కాదు. జీవితంలో నగ అడగలేదు, పట్టుచీర అడగలేదు, ఊళ్లు తిరగాలనలేదు. దోసె మాట్లాడితే వినాలన్నది ఒక్కటే మా అమ్మ కోరిక, దానికి అడ్డంగా మా అవ్వ కోటగోడలా నిలబడి ఉంది.

అలాంటి కాలంలో మా ఇంటికి సీతారత్నంగారు వచ్చారు. ఆవిడ భర్త సుబ్బారావుగారిది కవితాళ అవతల వలసరైతుల క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండిస్తూ, ధాన్యం నాయన పనిచేసే దుకాణానికే తోలేవారు. సీతారత్నంగారు మాట్లాడితే వీధి చివర కుక్క లేచి కూర్చునేది. ఏ హోటలుకి వెళ్లినా సొంత గోంగూర పచ్చడి సీసా, సొంత నెయ్యి డబ్బా చేతిసంచీలో పెట్టుకుని వెళ్లి, దర్జాగా మధ్య బల్ల దగ్గర కూర్చుని, "ఏవయ్యా, అన్నం ఉడికిందా, ఇంకా ప్రయత్నిస్తున్నారా?" అని అడిగే మనిషి. జొన్నరొట్టె అంటే ఆవిడ దృష్టిలో తిండి కాదు, పాపపరిహారం. కళ్లు మసకేస్తున్నాయని డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చి మా ఇంట్లో దిగారు.

కబుర్ల మధ్య అమ్మ హోటల్లో ఎన్నడూ కూర్చోలేదని తెలిసి ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఇదేం చోద్యం వదినగారూ! ఊళ్లోనే హోటలు పెట్టుకుని, కాటికెళ్లే దోసెలు తింటున్నారా?"

అమ్మ కంగారుగా వంటింటి గుమ్మం వైపు చూసి, "మెల్లగ మాట్లాడండి, అత్తమ్మ ఇంటది" అంది. ఆ "మెల్లగ" అన్న మాట సీతారత్నంగారికి ఎవరూ నేర్పలేదు.

డాక్టరు దగ్గరికి వెంట వెళ్లడానికి అమ్మనీ నన్నూ పంపక అవ్వకి తప్పలేదు. కళ్లలో చుక్కలు వేస్తారు, చూపు ఆనదు, ఇంటికొచ్చిన చుట్టాన్ని రోడ్డు మీద గుడ్డిగా వదిలేయకూడదు కదా! "సక్కగ పోండి, సక్కగ రాండి. ఆమె చెయ్యి ఇడువకు సుశీలా" అని అవ్వ అమ్మకి ఆజ్ఞ వేసింది. తను వేసిన ఆ ఆజ్ఞే తర్వాత తన కోటకి కన్నం పెడుతుందని అవ్వకి ఆ క్షణాన తెలియదు.

చుక్కలు వేశాక కాంపౌండరు సీతారత్నంగారికి నల్లద్దాలు తగిలించి బయటికి పంపాడు. ఆవిడ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకు ఏవీ కనపడ్డం లేదు వదినగారూ, లోకం అంతా పాలు ఒలికిపోయినట్టుంది" అంటూనే, గుర్రబ్బండిని తప్పించుకుని, గుంట దాటి, ముక్కు చూపించిన దారిన నడిచి సరిగ్గా భీమసేనప్ప హోటలు మెట్ల ముందు ఆగారు. బోర్డు కన్నడలో ఉంటుంది. కళ్లు బాగున్న రోజుల్లో కూడా ఆవిడకి అది చదవడం రాదు.

"ఆకలి వదినగారూ. కళ్లు తిరుగుతున్నాయి. ఇక్కడే పడిపోతాను."

"నువ్వు కూసుని తినుండ్రి, మేం ఈడ నిలవడ్తం" అంది అమ్మ, కంగారులో మర్యాదలు కలిపేస్తూ.

"చూపులేని మనిషిని ఒక్కదాన్నీ పంపుతారా? సాంబారనుకుని చెయ్యి కడుక్కునే నీళ్లు తాగేస్తే? చెయ్యి వదలొద్దని పెద్దమ్మగారు మీకు చెప్పలేదూ?"

చెప్పింది. అమ్మ మెట్ల కేసి చూసింది, రోడ్డు కేసి చూసింది. తర్వాత అవ్వ ఆజ్ఞని అక్షరాలా పాటిస్తూ, సీతారత్నంగారి చెయ్యి వదలకుండా, మెట్టెక్కింది.

ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఓణీపిల్ల లోపలికి అడుగుపెట్టగానే హోటల్లో గడియారం తప్ప అన్నీ ఆగిపోయాయి. ఒక పెద్దమనిషి నోటి దాకా తెచ్చిన వడ గాల్లోనే ఉండిపోయింది. నాకు తెలిసినంత వరకు ఇప్పటికీ అక్కడే ఉంది. ఓ మూల ఆకుపచ్చ పరదా వేలాడదీసి, పైన ఫ్యామిలీ రూమ్ అని రాసి ఉండేది. ఆ గదిలోకి ఫ్యామిలీ వెళ్లగా చూసినవాళ్లు రాయచూరులో లేరు. సర్వరు మమ్మల్ని అటు తీసుకెళ్లబోతూ పరదా కొంచెం తీసి, గతుక్కుమని మళ్లీ మూసి, "లోపల... ఒకాయన ఉన్నడమ్మా" అన్నాడు. అమ్మ చూపు కిందికి దిగింది. పరదా అంచు కింద ఒక జత చెప్పులు కనిపించాయి. ఎడమ చెప్పు బొటనవేలి పట్టీకి తెల్లదారంతో కుట్లు. ఆ కుట్లు క్రితం వారం అమ్మ వేసినవే.

చాయ తప్ప మరోటి ముట్టనని ప్రతి సాయంత్రం ప్రమాణం చేసే మా నాయన, మమ్మల్ని చూసి దోసె పళ్లెంతో సహా పరదా వెనక్కి దూరాడన్నమాట. ఫ్యామిలీ రూములోకి వెళ్లిన మొదటి మనిషి ఆయనే, అదీ ఫ్యామిలీకి భయపడి!

అమ్మ ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. తర్వాత, నేను అంతకుముందెప్పుడూ చూడని పని చేసింది. హాలు మధ్యలో, అందరి ముందు, బల్ల దగ్గర కూర్చుంది. "మూడు దోసెలు తే బిడ్డా. లోపల ఉన్నాయన పళ్లెంల గూడ ఇంకోటి వెయ్యి. దాక్కుంటె ఆకలైతది" అంది. పరదా ఒకసారి వణికింది.

దోసెలు వచ్చాయి. గోనెసంచీ రంగు అంచు, మధ్యలో బంగారు రంగు, పళ్లెం దాటి రెండువైపులా రెక్కలు చాచి ఉన్నాయి. సీతారత్నంగారు గోంగూర సీసా మూత తీయబోతుంటే అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "జర ఆగుండ్రి. చప్పుడు చేయకుండ్రి." తల వంచి, చెవి దోసెకి దగ్గరగా పెట్టి, అంచు పట్టుకుని తుంచింది.

దోసె మాట్లాడింది. పక్క బల్లవాళ్లకి వినిపించిందో లేదో కానీ, నా కళ్లకి మాత్రం అది కనిపించింది, అమ్మ ముఖంలో. ఇంకో ముక్క తుంచింది. మళ్లీ మాట్లాడింది. అమ్మ ఆ దోసెని ముందు చెవితో తిని, తర్వాత నోటితో తింది. భీమసేనప్ప గల్లా వదిలి వచ్చి, చేతులు కట్టుకుని, పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రిలా నిలబడ్డాడు.

"హ్యాంగ ఐతిరీ, అమ్మా?" ఎలా ఉందని అడిగాడు.

అమ్మ వేళ్లు నాకి, చీరకొంగుతో తుడుచుకుని చెప్పింది. "నీ దోసెను తోలన్నం. తప్పు దోసెది కాదన్నా, అదొచ్చే తొవ్వది."

ఆయన పొట్ట మీది బనీను పొగరుగా పైకీ కిందికీ ఊగింది. ఈసారి పొగ లేదు. అయినా కళ్లు తుడుచుకున్నాడు, అది నేను చూశాను.

కథ ఇక్కడితో ఆగితే అందరికీ సుఖం. చెయ్యి కడుక్కుని ఇంటికి వెళ్లిపోతే అయిపోయేది. కానీ అమ్మ లేవలేదు. "ఇంకో దోసె పొయ్యండన్నా. అత్తమ్మకు" అంది. సీతారత్నంగారు నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, చక్కగా కనిపిస్తున్న కళ్లతో అమ్మని చూశారు.

"మతి పోయిందా వదినగారూ? కోరి నెత్తిమీదకి తెచ్చుకుంటారా? నేను చెప్పను, ఈ పిల్ల చెప్పదు, ఆ పరదా వెనకాయన అసలే చెప్పడు!"

"ఇన్నేండ్ల సంది ఆమె గూడ తోలే తిన్నదమ్మా" అంది అమ్మ. "ఆమె గూడ ఇనాలె."

పుట్టింటికి పంపడాలు, మాటలు మానేయడాలు, వంటింట్లోంచి వెలివేయడాలు, ఇవన్నీ మా వాడలో ఇంతకంటే చిన్న తప్పులకే జరిగేవి. ఎదురింటి కోడలు సినిమా నుంచి ఒంటరిగా వచ్చినందుకు పండగ దాకా ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. అమ్మకి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు. అయినా పెనం పక్కన నిలబడి భీమసేనప్పకే పాఠం చెప్పింది. ఆకు వద్దు, పేపరు వద్దు, చుట్టొద్దు, మూత పెట్టొద్దు, ఆవిరి పట్టిందంటే దోసె గొంతు పోతుంది. "నీ పళ్లెమియ్యి, అట్లనే పట్కపోత" అంది. ఆయన హోటలు పేరు చెక్కిన స్టీలు పళ్లెం తుడిచి, దాని మీద దోసె పరిచి, అమ్మ చేతుల్లో హారతిపళ్లెంలా పెట్టాడు.

మా అమ్మ ఆ రోజు నడిచిన నడక రాయచూరు బజారు ఇంకా మర్చిపోయి ఉండదు. తలమీద కొంగు, రెండు చేతుల్లో హోటలు పళ్లెం, పళ్లెంలో దాపరికం లేని దోసె. నేను సీతారత్నంగారి చెయ్యి పట్టుకుని వెనక పరిగెత్తాను. ఆవిడే నన్ను లాక్కెళ్లారంటే న్యాయం. పాన్‌డబ్బావాడు నోరు తెరిచాడు, అమ్మ ఆగలేదు. సైకిల్ దుకాణం ముందు నాయన స్నేహితులంతా లేచి నిలబడ్డారు, ఆగలేదు. ఖాజా మియా "భాభీ, సబ్ ఖైరియత్?" అని క్షేమం అడిగాడు, "ఖైరియత్, దోసె సల్లగైతది!" అని అమ్మ గాల్లోకి జవాబు విసిరి వెళ్లిపోయింది. కోటగోడ మీద కోతులు దోసెని చూసి రెండు వరుసల్లో బారులు తీరాయి. అమ్మ కొంగు లాగి పళ్లెం మీద డేరాలా పట్టుకుని, పళ్లు కొరికి వాటి కంటే భయంకరంగా అరిచింది. అవి ఇప్పటికీ మా వంశం ఆడవాళ్లని చూస్తే తప్పుకుంటాయి. ఇవాళ రంగురంగుల చొక్కాలేసుకుని మోటారు సైకిళ్ల మీద పెట్టెలు మోసేవాళ్లని చూస్తుంటాను. పాపం ఎంత తొందరపడతారో! ఫోను వాళ్లని ప్రతి మలుపులో తరుముతూ ఉంటుంది. అయినా మా అమ్మ కాళ్లకున్న తొందర వాళ్ల చక్రాలకి రాదు. వాళ్లకి ఆ దోసె ఎవరు తింటారో తెలియదు, తినేవాళ్లకి అది ఒకప్పుడు మాట్లాడేదని తెలియదు. మధ్యలో చుక్కలు మాత్రం బోలెడు పడతాయి. మా కాలంలో తీర్పు తప్పుగా చెప్పాం, ఒప్పుకుంటాను. కానీ తీర్పు చెప్పాక దోసె వాడి కళ్లు ఎలా ఉన్నాయో మర్నాడే తెలిసేది.

ఇంటికి చేరేసరికి మా కర్మ కొద్దీ అరుగు మీద కోర్టు నిండుగా సాగుతోంది. చేటలన్నీ ఒక్కసారి ఆగాయి. అమ్మ రొప్పుతూ వెళ్లి అవ్వ ఒళ్లో పళ్లెం పెట్టింది.

అవ్వ పళ్లెం వైపు చూసింది. కోడలి చెమట పట్టిన ముఖం వైపు, వెనక నల్లద్దాల చుట్టం వైపు, అప్పుడే సందు మలుపులో చెప్పులు చేత్తో పట్టుకుని నక్కి నక్కి వస్తున్న కొడుకు వైపు చూసింది. అవ్వ ఎడమ చేత్తో పళ్లెం అంచు పట్టుకుని, కుడిచేత్తో దోసె తుంచింది.

చప్పుడైంది. మెల్లగానే, కానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

అవ్వ ఆ ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలింది. నలుగురి ముందూ, దవడలు ఆడిస్తూ. కళ్లు తెరిచి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పింది.

"గిది భీమసేనప్ప దోసె కాదు."

"భీమసేనప్పదే, అత్త..." అని అమ్మ మొదలుపెట్టింది.

"కాదంటున్న గదా! వాని దోసె తోలు. గది నేను ఊరందరికీ చెప్పిన మాట. గిది ఎవరో వేరేటోడు పోసిండు."

ఎదురింటి పంకజమ్మ, కన్నడ బడిలో చదువుకున్న మనిషి, పళ్లెం అంచు మీది పేరు చదవడానికి మెడ సాచింది. చదవలేకపోయింది. అవ్వ బొటనవేలు సరిగ్గా ఆ పేరు మీదే ఉంది. అవ్వకి చదువు రాదని మేమంతా అనుకునేవాళ్లం.

దోసె అంతా అయిపోయేదాకా ఆ వేలు కదల్లేదు. ఆఖరి తునక నోట్లో వేసుకుని, పళ్లెం తిరగేసి ఒళ్లోనే పెట్టుకుని అవ్వ మెల్లగా, అమ్మకి మాత్రమే వినపడాలనుకుంటూ, అరుగంతా వినపడేట్టు అడిగింది.

"గా వేరేటోని కాడ ఆడోళ్లు కూసోనీకి జాగ ఉన్నదా?"

"ఉన్నది అత్తమ్మా" అంది అమ్మ. "పోదమా రేపు?"

"రేపు నాకు ఒక్కపొద్దు" అంది అవ్వ. "ఎల్లుండి పోదం."